కుర్చీ వదిలితే సరిపోతుందా?

1914 జనవరి 2న అమెరికా బ్యాంకింగ్ సంస్థ జె.పి.మోర్గాన్ కంపెనీ భాగస్వాములు దాదాపు 30 సంస్థల బోర్డుల నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించారు. న్యూయార్క్ సెంట్రల్, న్యూహేవెన్ రైల్వే కంపెనీలూ వాటిలో ఉన్నాయి. డైరెక్టర్ పదవులపై మారిన ప్రజాభిప్రాయాన్ని మన్నించామన్నది వారి మాట. ఆ మన్నన ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలియాలంటే నాలుగు నెలలు వెనక్కి వెళ్లాలి.

1913 సెప్టెంబరు 2న కనెక్టికట్‌లోని నార్త్‌హేవెన్ దగ్గర, పొగమంచులో న్యూహేవెన్ కంపెనీ ఎక్స్‌ప్రెస్ ఒకటి ముందున్న రైలును వెనక నుంచి ఢీకొట్టింది. చెక్క బోగీలు నుజ్జయ్యాయి. 21 మంది చనిపోయారు. సిగ్నళ్లు పాతకాలపువి. మార్చడానికి డబ్బు లేకనా? 1903 తర్వాత పదేళ్లలో కంపెనీ షేర్లు, అప్పులు కలిపి 9.3 కోట్ల డాలర్ల నుంచి 41.7 కోట్లకు చేరాయి. అలా పెరిగిన మొత్తంలో 20.4 కోట్లు రైల్వేకు బయటి వ్యవహారాలకే పోయాయని అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ 1914 జులైలో తేల్చింది. ట్రాములు కొన్నారు, స్టీమర్లు కొన్నారు. న్యూ ఇంగ్లండ్‌లో కదిలే ప్రతి చక్రం తమదే కావాలనుకున్నారు.

ఆ బోర్డులో కూర్చున్నవారు అమాయకులు కారు. ఆ బ్యాంకు అధినేత పెద్ద మోర్గాన్, విలియం రాక్‌ఫెల్లర్ వంటి కుబేరులు. లెక్కలు అడగగల, వద్దనగల స్థోమత ఆ దేశంలో ఎవరికైనా ఉందంటే ముందు వారికే ఉంది. అప్పు ఇప్పించే చేతులే అప్పు తీసుకునే కాగితం మీదా సంతకం చేస్తుంటే, ప్రయాణికుడి తరఫున మాట్లాడేదెవరు?

డైరెక్టర్ పదవి వద్దనే హక్కు ఎవరికైనా ఉంది. బాధ్యత మోయలేమని మొదట్లోనే నిరాకరించినవారిని గౌరవిస్తాం. ఏళ్ల తరబడి తలాడించి, వేడి తగిలాక లేచిపోవడాన్ని మాత్రం త్యాగంగా జమకట్టలేం. తెలుగు పాఠకులకు ఇది కొత్త కథ కాదు. 2008 డిసెంబరు 16న వ్యవస్థాపకుల కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు సత్యం కంప్యూటర్స్ బోర్డు ఆమోదం తెలిపింది. ఇన్వెస్టర్లు తిరగబడ్డాక, నెల ముగిసేలోగా నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేశారు. ఆ రాజీనామాలు ఆమోదం నాటి మౌనానికి సంజాయిషీ కాలేదు.

మళ్లీ న్యూహేవెన్‌కు వస్తే, దాని పాత డైరెక్టర్లలో 11 మందిపై గుత్తాధిపత్య నేరం మోపి విచారణ జరిపారు. 1916 జనవరిలో జ్యూరీ ఆరుగురిని నిర్దోషులంది. మిగిలిన ఐదుగురిపై ఏకాభిప్రాయానికి రాలేకపోయింది.