పుస్తక పరిచయం: ఐర్లండు జ్ఞాపకాలు, మన కథలు

వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్ర, ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’ తెలుగు పాఠకులకు చిరపరిచితాలు. ఈసారి ఐర్లండుతో ముడిపడిన రెండు జీవితకథలను పరిచయం చేస్తున్నాము. దూరదేశపు ముచ్చట మనకేల అనుకోవద్దు. మొదటిది మదనపల్లెకు వచ్చి మనవారైపోయిన ఐరిష్ దంపతులది. రెండవది ఐర్లండులో చదువుకొని వచ్చిన తెలుగువానిది. రెండూ ఆంగ్ల గ్రంథాలే.

జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ కలిసి వ్రాసిన ఆత్మకథ ‘వి టూ టుగెదర్’ 1950లో మద్రాసు నుండి వెలువడింది. జేమ్స్ బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి. మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి లండనులోను, ఐర్లండులోను కారాగారవాసం అనుభవించిన ధీర. 1915లో భారతదేశానికి వచ్చిన ఈ దంపతులు మదనపల్లె కళాశాలను తమ కార్యక్షేత్రంగా చేసుకొన్నారు. 1932లో ఇక్కడి ప్రజల పక్షాన మాట్లాడినందుకు మార్గరెట్ మరల జైలుకు వెళ్ళారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లెలో వారికి అతిథిగా ఉన్నారు. ఒక సాయంకాలం విద్యార్థుల పాటల కూటమిలో ‘జనగణమన’ గానం చేశారు. అక్కడే ఆ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. మార్గరెట్ దానికి స్వరలిపి సిద్ధం చేశారు. ఆనాటి సాయంకాలాన్ని జేమ్స్ ఈ గ్రంథంలో వర్ణించారు. చూచినవారు వ్రాసి ఉంచారు గనుకనే ఆ ముచ్చట నేటికీ మనకు దక్కింది.

రెండవ గ్రంథం మన రాష్ట్రపతులలో ఒకరైన వరాహగిరి వేంకటగిరిగారి ‘మై లైఫ్ అండ్ టైమ్స్’, 1976లో ప్రచురితం. బరంపురంలో జన్మించిన గిరిగారు న్యాయశాస్త్రం చదువుటకు 1913లో డబ్లిన్ చేరారు. ఆ ఏడే అక్కడ యజమానులు వేలాది కార్మికులను పనిలోనికి రానీయక ద్వారాలు మూసివేశారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు అనంతరం గిరిగారు ఆ దేశం విడువవలసి వచ్చింది. న్యాయవాది కాదలచి వెళ్ళిన యువకుడు కార్మిక నాయకుడై నిలిచాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశాడు. దుర్గ్ మీదుగా మనం స్వస్థలాలకు వెళ్ళివచ్చే దారి ఆనాటి ఆ రైల్వేదే.

ఈ పుస్తకాలు చదివినప్పుడు మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మన తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన రోజుల తరానికి చెందినవారు. శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి కోక్ ఓవెన్లలో పనిచేశారు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి, కాఫీ త్రాగుతూ ఎన్నో సంగతులు చెప్పేవారు. వింటూ నవ్వుకొన్నామే గాని ఒక్కటీ వ్రాసి పెట్టుకోలేదు. ఆయన తొలి జీతమెంతో, మొదటి రాత్రి ఎవరింట తలదాచుకొన్నారో నేడు మా పిల్లలు అడిగితే చెప్పలేకపోతున్నాను.

ప్రముఖులకు గ్రంథాలున్నాయి. మన పెద్దలకు మనమే ఉన్నాము. వీలైతే ఈ రెండు పుస్తకాలు సంపాదించి చదవండి. అంతకంటె ముందు, ఇంట్లో పెద్దవారుంటే వచ్చే ఆదివారం ఒక నోటుపుస్తకంతో వారి చెంత కూర్చోండి. భిలాయిలో రైలు దిగిన నాటి సంగతితో మొదలుపెట్టమనండి.