బొంత కుట్టడానికి మూడు రోజులు

బొంత అనగానే మన హాస్టలు మిత్రులకి నవ్వొస్తుంది. ఎవరైనా ఇంటి నుంచి తెచ్చుకున్న బొంత విప్పి మంచం మీద పరిచారో లేదో, "ఏంటిది, గంగిరెద్దు మీద కప్పినదా?" అని వేళాకోళం మొదలవుతుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. సంక్రాంతికి మన వాకిట్లోకొచ్చే గంగిరెద్దు వీపున ఉండేదీ బొంతే. పుట్టిన బిడ్డని పడుకోబెట్టేదీ బొంత మీదే. మనలో చాలామందిమి ఆ మెత్తదనంలో పెరిగి వచ్చినవాళ్ళమే!

అయితే నేనిక్కడ బొంత గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వబోవడం లేదు. బొంత కుట్టే రోజుల గురించి చెప్పదలచుకున్నాను. నా వాదన ఒక్కటే. మన రైతు ఇళ్ళలో ఆడవాళ్ళకి విశ్రాంతి ఏనాడూ విశ్రాంతి అనే పేరుతో దొరకలేదు. పని పేరుతోనే దొరికింది. అప్పడాలు, వడియాలు, పిండివంటలు, బొంతలు, ఇవన్నీ నలుగురు చేరి కూర్చోవడానికి సాకులు. ఆ సాకులు ఒక్కొక్కటీ ఇప్పుడు బజారు సరుకులైపోతున్నాయి. సరుకు దొరుకుతోంది, మంచిదే. దాంతోపాటు కూర్చునే వీలు పోతోంది. ఈ సంగతి ఎవరూ లెక్కలో వేసుకోవడం లేదు.

అమెరికాలో ఇలా కూర్చోవడానికి ఒక పేరే ఉంది. అక్కడి స్త్రీలు గుడ్డముక్కలూ కుట్టుమిషన్లూ కారులో వేసుకుని, ఊరికి దూరంగా ఒక విడిదికి వెళ్ళి, డబ్బు కట్టి మరీ రెండు మూడు రోజులుండి బొంతలు కుట్టుకొస్తారు. దాన్ని 'క్విల్టింగ్ రిట్రీట్' అంటారు. రిట్రీట్ అంటే యుద్ధంలో వెనక్కి తగ్గడమని మనం చదువుకున్నాం. ఇంటి చాకిరీ నుంచి మూడు రోజులు వెనక్కి తగ్గడం కూడా రిట్రీటే కాబోలు! ఆ దేశంలోనే అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసల సంతతివారైన నల్లజాతి వ్యవసాయ కుటుంబాల ఊరది. పొలం పనిలో చిరిగిన ప్యాంట్లూ చొక్కాలతో అక్కడి ఆడవాళ్ళు చలికి బొంతలు కుట్టుకునేవారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో గీస్ బెండ్ బొంతలు హ్యూస్టన్ మ్యూజియం గోడలకెక్కాయి. 2006లో తపాలా బిళ్ళలకెక్కాయి. అంతదూరం ఎందుకు, బెంగాలులో బొంతని కాంథా అంటారు. బొంత కుట్టే పల్లెపడుచుని నాయికగా చేసి జసీముద్దీన్ 1929లో కావ్యమే రాశాడు. మన దగ్గర మాత్రం బొంత ఇంకా దండెం మీదే ఉంది.

మాది పొందూరుకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో దూది దువ్వి సన్న నూలు వడికే ఆడవాళ్ళున్నారు. అలాంటి చోట పుట్టిన నేను ఇరవయ్యేళ్ళ వయసులో మొదటిసారి బొంత కుట్టడానికి కూర్చున్నది మొన్న సంక్రాంతి సెలవుల్లోనే. ధాన్యం అమ్ముడైపోయింది. మినుము చేలో ఉంది. పండక్కొచ్చిన మేనత్తలిద్దరూ ఇంకా వెళ్ళలేదు. హాస్టలు నుంచి ఇద్దరు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకొచ్చాను. ముక్కనుమ మర్నాటి నుంచి మూడు రోజులు, పన్నెండు గంటల నుంచి పొద్దు వాలేదాకా అని నిర్ణయించుకున్నాం.

సన్నాహంలో మొదటిది చీరలు ఏరడం. నూలు చీర ఎంత పాతదైతే అంత మెత్తన. అయిదున్నర మీటర్ల చీరని సగానికి మడిస్తే మనిషి పొడవు దాటుతుంది. అయిదు చీరలకి పది పొరలు. మధ్యలో పాలిస్టరు చీర పెడితే పొర జారిపోతుంది, చెమట పీల్చదు. చిక్కేమిటంటే ఇళ్ళన్నీ వెదికినా నూలు చీరలు దొరకడం గగనమైపోయింది. ఇప్పుడు పొలానికి కట్టుకెళ్ళేవి కూడా పాలిస్టరువే. చివరికి నానమ్మ పెట్టెలోని చీరలూ, నాన్న పాత పంచెలూ, ఎదురింటివాళ్ళ దుప్పట్లూ కలిపి రెండు బొంతలకి సరిపెట్టాం. అన్నిటినీ వేడినీళ్ళలో ఉతికి, ఫాల్సులు ఊడదీసి, రెండెండలు ఎండబెట్టాం. పొడుగు సూదులూ లావు దారం ఉండలూ ఆమదాలవలసలో కొన్నాం.

రెండోది చోటు. ఒకరింట్లో పెట్టుకుంటే ఊళ్ళో ఆడవాళ్ళు అందరూ రారు. ఎందుకు రారో పల్లెలో పుట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అంచేత బడి వరండా అడిగాం. సెలవులే గదా, హెడ్మాస్టరు గారు సరేనన్నారు. పై వీధి, కింది వీధి ఒకే బొంతకి చెరో అంచునా కూర్చోవడం నేను అక్కడే చూశాను.

మూడోది అన్నిటికంటే కష్టం. అమ్మకి సెలవు! మేనత్తలకి అది పుట్టిల్లు, వాళ్ళు కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. మా అమ్మ ఆ ఇంటి కోడలు. ఆమె పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప ఇల్లు కదిలింది లేదు. "నేనొత్తే గేదెలకి కుడితెవలు పెడతారు?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. ఆ మూడు మధ్యాహ్నాలూ గేదెల పని నాన్నదీ, పొయ్యి పని తమ్ముడిదీ అని ఒప్పించడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. బొంత లేకుండా "అమ్మకి మూడు రోజులు తీరిక కావాలి" అని అడిగి ఉంటే నాన్న నవ్వేసేవారు. "ఇంటికి బొంత కావాలి" అన్నాను గనక కాదనలేకపోయారు. సాకు విలువ ఇదీ.

మొదటి రోజు నేల మీద చీర పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ముడత లేకుండా పొర మీద పొర వేసి, చుట్టూ అంచు కుట్టేసరికే పొద్దువాలింది. "సదువుకున్న గుంటలు సూదట్టుకుంతారేటి? బేగి కూకోండి, ఎండ పోతాది" అని నానమ్మ మా ముగ్గురినీ అదిలించింది. రెండు వేళ్ళ ఎడంతో వరసలు వేయాలి. నేను సైన్సు విద్యార్థినిని గనక లెక్క కట్టాను. ముప్పై వరసలు, వరసకి సెంటీమీటరుకొకటి చొప్పున రెండువందల డెబ్భై అయిదు కుట్లు, మొత్తం ఎనిమిదివేల రెండువందల యాభై. పది పొరల్లోంచి సూది లాగడానికి కుట్టుకి అయిదు సెకన్లు వేసుకున్నా ఒక మనిషికి పదకొండు గంటల పైమాటే. మన లేబరేటరీలో 'లీ డిస్క్' ప్రయోగంతో అధమ వాహకాల ఉష్ణవాహకత కొలుస్తాం. బొంత రహస్యం అదే. చలి ఆపేది గుడ్డ ఒక్కటే కాదు, పొరల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. కుట్లు మరీ దగ్గరైతే గాలి నలిగిపోతుంది, మరీ దూరమైతే పొరలు జారతాయి. రెండు వేళ్ళ ఎడం అని నానమ్మకి చెప్పింది ఏ పుస్తకమూ కాదు.

రెండో రోజు చేతులు వాటంతట అవే నడవసాగాయి. అప్పుడు నోళ్ళు విచ్చుకున్నాయి. ఏ ముక్క ఎవరి చీర, ఏ పెళ్ళికి కొన్నది, ఏ ఏడాది పంట పోయినప్పుడు కుదువ పెట్టడానికి కూడా పనికిరానిది, అన్నీ బయటికొచ్చాయి. కింది వీధి నుంచి వచ్చిన ఒకావిడ చనిపోయిన భర్త లుంగీ తెచ్చింది. దాన్ని ముక్కలు చెయ్యనివ్వలేదు. నిండుగా లోపలి పొరలో వేసి కుట్టాం. మధ్యలో మా తమ్ముడు వచ్చి "అమ్మా, టీ" అని కేకేశాడు. అమ్మ లేవబోయింది. పక్కింటి చిన్నమ్మ సూది ఎత్తకుండానే, "మీయమ్మ నేదురా. సాయంత్రం రా" అంది. వరండా అంతా నవ్వు. ఎదురుగా కూర్చున్న అమ్మ కూడా నవ్వింది. వాడు వెళ్ళి తనే పెట్టుకుని తాగాడు. ఇల్లేమీ కూలిపోలేదు.

మూడో రోజు మా చిన్న మేనత్త, తల వంచుకుని కుడుతూ కుడుతూ, ఏడాదిగా తనకి నెలసరి సరిగ్గా లేదనీ, వస్తే పది రోజులు ఆగడం లేదనీ చెప్పింది. ఇంట్లో చెప్పలేదుట. "సెప్తే డబ్బు కర్సు గదా" అంది. ఎవరూ అయ్యో అనలేదు, సూదులు ఆగలేదు. అలాంటిదే తనకొచ్చిందని ఒకరు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో ఒకరు, తోడు వస్తానని మా అమ్మ. మర్నాడు శ్రీకాకుళం తీసుకెళ్ళారు. గర్భసంచిలో గడ్డ, రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. మందులు వాడుతోంది, ఇప్పుడు తేరుకుంది. ఆ మాట ఫోనులో వచ్చేది కాదు. ఎదురెదురుగా కళ్ళలోకి చూస్తూ అడిగినా వచ్చేది కాదు. చేతిలో పని, చూపు కుట్టు మీద, ఇంటి పిలుపు లేని చోటు, ఈ మూడూ కలిస్తేనే వచ్చింది.

విమర్శలు లేకపోలేదు. బజారులో కొన్ని వందలకి రగ్గు దొరుకుతుంటే పదకొండు గంటలు ఎవరు కుడతారని మిత్రులు అడుగుతారు. బొంత బరువు, తడిస్తే ఆరదు, నిజమే. రగ్గు కొనుక్కోండి, నేనొద్దనను. కాని రగ్గుకి చెల్లించిన వందల్లో ఆ మూడు మధ్యాహ్నాలు రావు. ఇంకొందరు పెద్దలు, "మంచి ఆలోచన, సంఘం పెట్టించి అమ్మించండి" అని సలహా చెబుతారు. 1982లో మొదలైన డ్వాక్రా పథకం దరిమిలా వచ్చిన పొదుపు సంఘాల వల్లే మా అమ్మ బ్యాంకు మెట్లెక్కింది, సంతకం నేర్చుకుంది. ఆ మేలు కాదనేవాళ్ళు కృతఘ్నులు. అయితే ఇవాళ పల్లెలో ఆడవాళ్ళు పదిమంది చేరారంటే ఒక రిజిస్టరు, ఒక వాయిదా, ఒక హాజరు ఉండి తీరాలి. రిజిస్టరు లేని కూడిక ఒక్కటైనా ఉండొద్దా? అమ్మకానికి కుడితే గడువు వస్తుంది. గడువొస్తే నోళ్ళు మూతపడతాయి.

అసలు సాకు ఎందుకు, విశ్రాంతి హక్కుగానే అడగాలి గదా అంటారా? అడగాలి. ఆ రోజు రావాలి. వచ్చేదాకా ఉన్న సాకుని మాత్రం పారెయ్యకండి అనే నా మనవి.

విద్యార్థి సంఘానికి ఒక సూచన. మన ఎన్.ఎస్.ఎస్. వాళ్ళు ప్రతి ప్రత్యేక శిబిరంలోనూ ఏడు రోజులు పల్లెలో ఉండి రోడ్లు ఊడుస్తారు, మొక్కలు నాటుతారు. అందులో మూడు మధ్యాహ్నాలు బడి వరండాని ఊరి ఆడవాళ్ళకి ఇప్పించండి. హాస్టళ్ళ నుంచి పాత నూలు బట్టలు పోగుచెయ్యండి. అమ్మాయిలు సూదులతో వరండాలో కూర్చుంటారు. మగపిల్లలు ఊరి ఇళ్ళకి వెళ్ళి ఆ మూడు పూటలా పొయ్యి దగ్గరా గేదెల దగ్గరా నిలబడాలి. సేవ అంటే అదీ సేవే. రోడ్డు ఊడవడం కంటే కష్టమైనదే!