పడుగు – పేక : 125 ఎకరాల్లో 18 గుంతలు

పోయిన రెండు సంచికల్లో మిల్లు భూముల సంగతి రాసిన. చదివినోళ్ళు నలుగురైదుగురు జవాబు పంపిన్రు. అందులో ఒక తమ్ముడు రాసిన మాట నన్ను కుదురుగా కూసోనిస్తలేదు. "కాకా, జాగ ఉంటే గదా మైదానం కావాలె, తోట కావాలె అని అడిగేది. బొంబాయిలో జాగ యాడున్నది? ఉన్న ఇంతంత ముక్కల్లో ఏమైతది?" అన్నడు.

జాగ తక్కువ గనుక ఏమీ కాదు అనే మాట నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పేటందుకు ఈసారి ఎన్నడూ రాయని సంగతి రాస్తున్న. గోల్ఫ్ ఆట. నవ్వకండ్రి, చివరిదాకా చదువుండ్రి.

నేను ఆ కర్ర ఎన్నడూ పట్టలేదు. మా చెల్లె కొడుకు ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే బండి నడుపుతడు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఫోన్ తీసి "మామా, ఇది చూడు, అది చూడు" అని ఆకాశం నుంచి తీసిన బొమ్మలు చూపెడతడు. ముందు ముందు నాకు అంతా పచ్చగడ్డి తప్ప ఏమీ కనపడలే. చూడంగ చూడంగ అందులో ఒక నేత కనపడ్డది. మిల్లులో సాంచెలు నిలబెట్టిన తీరు మతికొచ్చింది.

ఆట తెలియనోళ్ళకు రెండు ముక్కలు. చిన్నప్పుడు గోలీలాటలో గుంతల గోలీ వేసినట్టే, ఇక్కడ చిన్న బంతిని కర్రతో కొట్టుకుంట పోయి గుంతల వెయ్యాలె. అట్లాంటివి 18. కొట్టుడు మొదలు పెట్టే తావును టీ అంటరు, గుంత ఉన్న నున్నటి గడ్డిని గ్రీన్ అంటరు. రెండింటి నడుమ 100 గజాలు ఉండొచ్చు, 500 గజాలు ఉండొచ్చు. ఆ మొత్తం దారిని గూడ గుంత అనే అంటరు. ఒక్కొక్క గుంతకు ఇన్ని దెబ్బలు అని లెక్క ఉంటది, మూడో, నాలుగో, అయిదో. దాన్నే పార్ అంటరు. నడుమ ఇసుక గోతులు, వాగులు, పొడుగు గడ్డి. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్ళు గెలిచినట్టు. ఇంతే ఆట.

ఇట్లాంటి మైదానానికి మామూలుగా 150 నుంచి 200 ఎకరాలు కావాలంటరు. అమెరికాలో ఫిలడెల్ఫియా పక్కన ఆర్డ్‌మోర్ అనే ఊర్లో మెరియన్ అని ఒక క్లబ్బు ఉన్నది. దాని ఈస్ట్ కోర్సు 1912లో మొదలైంది. మొత్తం కలిపి సుమారు 125 ఎకరాలే. నడుమ నుంచి బండ్లు తిరిగే రోడ్డు పోతది. ఒక మూలకు రాళ్ళు తీసి వదిలేసిన క్వారీ. దానికి తోడు వాగు. ఇట్లాంటి నేల మన చేతికి ఇస్తే ఇదేం జాగ అని వాపస్ ఇచ్చేటోళ్ళం.

దాన్ని గీసింది హ్యూ విల్సన్ అనే మనిషి. ఆయన మైదానాలు కట్టే మేస్త్రీ గాదు, ఇన్సూరెన్స్ వ్యాపారి. ఆట వచ్చు, అంతే. క్లబ్బు వాళ్ళు ఆయనను పెద్దగా పెట్టి ఒక కమిటీ వేసిన్రు. ఆయన సముద్రం దాటి స్కాట్లాండు, ఇంగ్లండు పోయి అక్కడి పాత మైదానాలు కండ్లార చూసి వచ్చిండు. మంచి జాబర్ కొత్త ఖాతాకు వచ్చినప్పుడు ముందు నాలుగు సాంచెల నడుమ తిరిగి చూస్తడు గదా, అట్ల.

జాగ తక్కువైతే మొదట వచ్చే చిక్కు నడక. ఒక గ్రీన్ కాడ ఆట ముగిసినంక తర్వాతి టీ ఎంత దూరం? 100 గజాలు అనుకుందాం. అట్ల 17 సార్లు నడిస్తే ఆటకు అక్కరకు రాని నేల ఎంత పోయిందో లెక్క వేసుకోండ్రి. మెరియన్‌లో చానా చోట్ల గ్రీన్ దిగితే నాలుగు అడుగుల్లో ఇంకో టీ. మన సాంచె ఖాతాలో గూడ ఇదే లెక్క. సాంచెల మొగం మొగం ఎదురుగ పెడితే నేతగాడు ఒక్క గల్లీలో నిలబడి ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి చూసుకుంటడు. వెనకల గల్లీ పడుగు బీము తెచ్చేటందుకు. అన్నింటినీ ఒక్క దిక్కుకే మొగం పెట్టి నిలబెడితే సగం పాళీ నడుచుడికే పోతది, సగం నేల గల్లీలకే పోతది. గీసినోడు మంచోడైతే పని చేసేటోని కాళ్ళకు తెలుస్తది.

రెండో చిక్కు పక్కపక్కన ఆడేటోళ్ళకు బంతి తగులుడు. రాయి లెక్క ఉంటది ఆ బంతి. కుడిచేతి వాటం ఉన్నోళ్ళు తప్పు కొడితే అది ఎక్కువగ కుడికే వంకర పోతది. కాబట్టి హద్దు వెంబడి పోయే గుంతలను గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితే, హద్దు ఎప్పుడూ ఎడమకు ఉంటది. తప్పిపోయిన బంతి పక్క ఇంటి అద్దానికి గాక లోపలికే పడ్తది. స్కాట్లాండులో ముయిర్‌ఫీల్డ్ అనే పాత మైదానం బొమ్మ చూస్తే ఇది బాగ తెలుస్తది. మొదటి తొమ్మిది గుంతలు బయటి చుట్టు, గడియారం దిక్కు. తర్వాతి తొమ్మిది దాని లోపలి చుట్టు, ఎదురు దిక్కు. ఎంత బాగ ఆలోచించిన్రో! గాలి ఒక్కటే దిక్కు నుంచి వీచినా ఆడేటోనికి ఒకసారి ఎదురు, ఒకసారి వెనక, ఒకసారి పక్క నుంచి తగులుతది. ఎక్కువ నేల అక్కర లేకుండనే ఆట మారుతది.

మెరియన్‌కు వాపస్ వద్దాం. గీతలు గీస్తుంటే చివరి అయిదు గుంతలు ఎట్ల పెట్టినా కుదరలేదట. క్వారీ అడ్డం. కమిటీలో రిచర్డ్ ఫ్రాన్సిస్ అని ఒకాయన ఉండె. ఆయనే పెద్దయినంక ఈ ముచ్చట రాసిండు. ఒకనాడు అర్ధరాత్రి నిద్ర పట్టక మ్యాపు చూస్తుంటే ఉపాయం తట్టింది. క్లబ్బుకు అక్కరకు రాని నేల కొంత అవతల వాళ్ళకు ఇచ్చి, దాని బదులు ఇంకో దిక్కు మూల ముక్క తీసుకుంటే? ఆ ముక్క సుమారు 130 గజాల వెడల్పు, 190 గజాల పొడుగు. రాత్రికి రాత్రే సైకిల్ ఎక్కి, ఆ భూమి వ్యవహారం చూసే పెద్దమనిషి ఇంటికి పోయి లేపిండు. ఆయన ఒప్పుకున్నడు. ఒకటి రెండు రోజుల్లోనే క్వారీ పని వాళ్ళు రాతి గోడ పై భాగం పేల్చిన్రు. ఇయ్యాల 15వ గ్రీన్, 16వ టీ ఆ ముక్కలోనే ఉన్నయి. 16వ గ్రీన్ ఆ పేల్చిన తావులో ఉన్నది.

నాకు ఈ సంగతిలో నచ్చిందేందంటే, వాళ్ళు ఆ క్వారీని పూడ్చలే. దాని మీదికెల్లే ఆట నడిపిన్రు. 16లో బంతిని క్వారీ దాటించి గ్రీన్ మీద వెయ్యాలె. 17లో మీద నిలబడి కిందికి కొట్టాలె. 18లో మొదటి దెబ్బే క్వారీ అవతల పడాలె. గుండె గట్టిగ లేనోడు అక్కడనే ఓడిపోతడు. ఎక్కడ నేల పనికిరాదన్నరో అక్కడనే ఇప్పుడు ఆట గెలుపు ఓటములు తేలుతయి. 1950లో బెన్ హోగన్ అనే ఆటగాడు ఆ 18వ గుంతలో కొట్టిన ఒక దెబ్బ ఫోటో లోకం మొత్తం చూసింది. దానికి 16 నెలల ముందు ఆయన కారును బస్సు గుద్ది, బతుకుతడా అనుకున్నరు. కాళ్ళకు పట్టీలు కట్టుకొని ఆడి, ఆ యూఎస్ ఓపెన్ గెలిచిండు.

రోడ్డు సంగతి వేరే. మొదట్లో కొన్ని గుంతల్లో బంతి రోడ్డు మీదికెల్లి పోయేది. గుర్రబ్బండ్ల కాలంలో నడిచింది. కార్లు పెరిగినంక నడవదు గదా. పక్కన ఇంకింత నేల కొని, 1924 పోటీకి ముందు 10 నుంచి 13 దాకా గుంతలు మార్చి వేసిన్రు. ఇప్పుడు బంతి రోడ్డు దాటది, మనుషులే రెండుసార్లు నడిచి దాటుతరు. మొదటి గుంత అయినంక ఒకసారి, 12 అయినంక ఒకసారి.

పొదుపు ఇంకో తీరుగ గూడ చేసిన్రు. అన్ని గుంతలూ పొడుగు పెట్టాలని లేదు. అయిదు దెబ్బల గుంతలు రెండే రెండు, 2, 4. అవి మొదట్లోనే అయిపోతయి. మొత్తం పార్ 72 గాదు, 70. 13వ గుంత అయితే 115 గజాలే. చీరెలు పరిచినా ఇరవై చాలు! కానీ గ్రీన్ చిన్నది, చుట్టూ ఇసుక. పొట్టిది గదా అని అలుకగ కొడితే అంతే. 3వ గుంత గూడ మూడు దెబ్బలదే, పెద్ద పోటీలో 256 గజాలు పెట్టిన్రు. అంటే ఒకే లెక్క ఉన్న రెండు గుంతలు, ఒకటి ఇంకోదానికి రెండింతలు. అన్నీ ఒకే పొడుగు వేస్తే నేలా చాలదు, ఆడేటోనికి విసుగూ వస్తది. పేక ఒకే రంగుల వేస్తే అంచు ఎట్ల పడ్తది?

అక్కడ గుంతకు జెండా ఉండదు, ఆ సంగతి రాయకుంటే మా అల్లుడు ఊరుకోడు. కర్ర మీద అల్లిన బుట్ట ఉంటది. మొదటి తొమ్మిదికి ఎర్రటిది, తర్వాతి తొమ్మిదికి నారింజ రంగుది. జెండా ఎగిరితే గాలి ఎటు వీస్తుందో తెలుస్తది. బుట్ట చెప్పది.

2013లో యూఎస్ ఓపెన్ మళ్ళా అక్కడ పెట్టినప్పుడు చానామంది నవ్విన్రు. ఇప్పటి కర్రలతో బంతి మస్తు దూరం పోతది, ఈ చిన్న మైదానం 6,996 గజాలు, ఆటగాళ్ళు దీన్ని నమిలి మింగుతరు అన్నరు. నాలుగు దినాలు ఆడినంక జస్టిన్ రోజ్ గెలిచిండు. ఆయన దెబ్బలు 281, పార్ 280. గెలిచినోడే ఒకటి ఎక్కువ కొట్టిండు, పార్ కంటె తక్కువలో ముగించినోడు ఒక్కడు లేడు. 7,500 గజాలున్న మైదానాలు చెయ్యలేని పని ఇది చేసింది.

గడ్డి సంగతి చూసినోళ్ళను గూడ మరువద్దు. ఇటలీ నుంచి వలస వచ్చిన జో వాలెంటైన్ అనే ఆయన మెరియన్‌లో కూలీగ చేరి, పెద్ద మాలీ అయి, ఏండ్ల తరబడి ఆ నేలను చూసుకున్నడు. 17వ గుంత కాడ ఆయన కండ్లకు పడ్డ ఒక గడ్డి రకం మెరియన్ బ్లూగ్రాస్ అనే పేరుతో అమెరికా అంతా పరుచుకున్నది. ఊరు విడిచి వచ్చి, మట్టిలో చేతులు పెట్టి బతికినోని కన్ను అది. మన తాతలు పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ నుంచి వచ్చి మిల్లు గేటు కాడ నిలబడ్డోళ్ళు, మనకు ఇది ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు.

ఇగ ఆ తమ్ముడు అడిగిన దానికి వస్త. బొంబాయి మిల్లుల కింద ఉండిన భూమి సుమారు 600 ఎకరాలు. అందులో నాలుగు మెరియన్‌లు పట్టి ఇంకింత మిగులుతది. నేను గోల్ఫ్ మైదానం అడుగుతలేను, అది ఉన్నోళ్ళ ఆట. జాగ యాడున్నది అన్నవు గదా, లెక్క చెప్తున్న. 1991 నియమంలో మిల్లు భూమిని మూడు వాటాలు చెయ్యాలన్నరు. ఒకటి ఆట మైదానాలు, తోటలకని నగరపాలికకు, ఒకటి ఇండ్లకని మ్హాడాకు, ఒకటి యజమానికి. 2001లో దాన్ని మార్చిన్రు. కట్టడాలున్న నేలను వదిలి, ఖాళీ నేలకే ఆ లెక్క అన్నరు. మిల్లు అంటేనే షెడ్లు గదా, ఇంక ఖాళీ ఎంత ఉంటది? 2006లో సుప్రీంకోర్టు గూడ ఆ మార్పునే నిలబెట్టింది. జాగ లేక తోటలు రాలేదనుడు తప్పు తమ్మీ. వాటా చిన్నగ చేసిన్రు గనుక రాలేదు. వచ్చిన ముక్కలను గూడ గీసేటోడు కూసొని గీయలేదు.

ఈ ఆటకు పుట్టిల్లు స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్. అక్కడ సముద్రం ఒడ్డున సన్నటి పట్టీ లెక్క ఉన్న నేల. మొదట్ల పోయిన గుంతల మీదికెల్లే తిరిగి వచ్చేటోళ్ళు, 22 ఆడేటోళ్ళు. 1764లో కొన్నింటిని కలిపి 18 చేసిన్రు. ఆ లెక్కే లోకమంతా అయ్యింది. ఆడేటోళ్ళు పెరిగిన కొద్దీ నేల పెరగలే, గ్రీన్‌లను వెడల్పు చేసి ఒక్కొక్క దాంట్ల రెండు గుంతలు పెట్టిన్రు. పోయేటోళ్ళకు తెల్ల జెండా, వచ్చేటోళ్ళకు ఎర్ర జెండా. 2వ గుంత 16తో, 3వది 15తో, 4వది 14తో. అట్ల ఏడు జంటలు. ఏ జంట కలిపినా 18 వస్తది, కూడి చూడుండ్రి.

ఆ నేల ఊరి సొత్తు. ఒకసారి పోగొట్టుకున్నరు గూడ. 1797లో ఊరి కౌన్సిల్ అప్పుల పాలై దాన్ని అమ్ముకున్నది. తర్వాత కుందేళ్ళు పెంచేటోళ్ళు వచ్చి నేలంతా తవ్విపెట్టిన్రు. ఊరోళ్ళు కోర్టుకెక్కి ఏండ్ల తరబడి కొట్లాడిన్రు. 1821లో జేమ్స్ చీప్ అనే జమీందారు కొని ఆటకు నిలబెట్టిండు. 1894లో పార్లమెంటు చట్టంతోని మళ్ళా ఊరి చేతికి వచ్చింది. ఇప్పటికీ మొదటి గుంత, చివరి గుంత నడుమ నుంచి ఊరి బాట ఒకటి అడ్డంగ పోతది. ఎవరైనా దాటొచ్చు. ఆదివారం నాడు పెద్ద పోటీలుంటే తప్ప ఆ పాత మైదానంలో ఆట బంద్. ముసలోళ్ళు, పిల్లలు, కుక్కలను పట్టుకున్నోళ్ళు వచ్చి గడ్డి మీద తిరుగుతరు. టిక్కెట్టు లేదు, గేటు లేదు.