ఎవరి నైజం?

"సోషలిజం పుస్తకంలో బాగుంటుందమ్మా. మనిషి నైజానికి సరిపడదు. తనది కానిదాని కోసం ఎవడూ ఒళ్లు వంచడు. మీ స్టీల్‌ప్లాంటే చూడు!" అన్నారు రిటైరైన ఆర్థికశాస్త్రం మాస్టారొకరు, విశాఖలో వాళ్లింట్లో టీ తాగుతూ. ఆ టీ పెట్టింది ఆయన భార్య. నలభై ఏళ్లుగా తనది కాని పేరు కోసం, తనది కాని పెన్షన్ కోసం ఒళ్లు వంచుతున్న మనిషి.

ముందు ఆయన ఉదాహరణే చూద్దాం. విశాఖ ఉక్కుకి 2020-21లో సుమారు 1,000 కోట్ల నష్టం. 2021-22లో 900 కోట్లకు పైగా లాభం. మరుసటి ఏడాది 2,800 కోట్లు దాటిన నష్టం. పని చేసింది దాదాపు అవే చేతులు. వాళ్ల నైజం ఏడాదికోసారి మారిందా? మారింది ఉక్కు ధర, బొగ్గు ధర. సొంత ఇనుపగనుల్లేవు, ఖనిజం కొనుక్కోవాలి. టాటాలకి గనులున్నాయి. ప్రభుత్వం పెట్టుబడి పెట్టినంత మాత్రాన అది సోషలిజం అయిపోదన్నది వేరే సంగతి.

నా పేచీ అసలు 'నైజం' అనే మాటతోనే. మగవాడి నైజం స్వార్థం, అందుకని బజారు కావాలి. ఆడదాని నైజం త్యాగం, అందుకని వంటిల్లు నడుస్తుంది. ఒకే జాతికి రెండు నైజాలెలా వచ్చాయి? ఏ షిఫ్టు ఉదయం ఆరింటికి, అంటే ఇంట్లో నాలుగింటికి పొయ్యి వెలగాలి. బి షిఫ్టయితే అర్ధరాత్రి అన్నం వేడి చెయ్యాలి. సి షిఫ్టయితే ఆయన నిద్ర కోసం పగలంతా పిల్లల నోళ్లు మూయించాలి. టన్ను ఉక్కు ఖర్చులో ఈ పని ఏ పద్దులోనూ రాదు. పైసా ఆశ చూపకుండా తరాల తరబడి మనుషుల చేత పని చేయించవచ్చని ఉక్కునగరం క్వార్టర్లే రుజువు. అందులో ప్రేమ ఎంత, గత్యంతరం లేకపోవడం ఎంత అని మాత్రం ఎవరూ అడగరు.

మా అత్తగారిది నిర్వాసిత గ్రామం. ఫ్యాక్టరీ కింద 64 ఊళ్లు, 22 వేల ఎకరాలు పోయాయి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారన్న లెక్క మనకి కంఠతా వచ్చు. భూమి పోయిన ఆడవాళ్ల లెక్క నేనే సభలోనూ వినలేదు. ఆర్ కార్డు మావగారి పేరున, దానిమీద వచ్చిన ఉద్యోగం కొడుకు పేరున. "నా పేరున ఏటుందమ్మా, కూడొండడం తప్ప" అని నవ్వేది. వాళ్ల ఊళ్లో ఈ రోజు మీ కోతకి మేమొస్తే, రేపు మా కోతకి మీరొచ్చేవారట. కాలనీకొచ్చాక ఎవరి తలుపు వారు వేసుకున్నారు. నైజం మారిందా, బతుకు మారిందా?

2021 జనవరి 27న కేంద్రం ప్లాంటుని నూటికి నూరు శాతం అమ్మెయ్యడానికి ఒప్పుకుంది. ఆ ఫిబ్రవరిలోనే కూర్మన్నపాలెంలో రిలే దీక్షలు మొదలయ్యాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల్ని పెద్ద సంఖ్యలో తీసేశారు. దీక్షా శిబిరానికి నేనూ చాలాసార్లు వెళ్లాను. అమ్మొద్దనే ఇప్పుడూ అంటాను. కానీ మహిళలు కూర్చున్న ఒక రోజు, ఒక నాయకుడు మైకు పట్టుకుని "ఓర్పు స్త్రీ నైజం, మా ఇళ్లు నిలబడింది వాళ్ల త్యాగం మీదే" అన్నాడు. ఎర్రజెండా కింద మళ్లీ మాస్టారి మాటే!

కిందికి దిగాక అడిగాను. "ప్లాంటు అందరిదీ అంటున్నారు కదా, పొయ్యి ఎవరిది?"

"అది వేరే విషయం మేడమ్. ముందు ప్లాంటు దక్కనివ్వండి" అన్నాడు.

ఈ 'ముందు' మనకి కొత్త కాదు. ఉమ్మడి వంటశాలలు, శిశుగృహాలు కావాలని కొలంతాయ్ విప్లవం తొలిరోజుల్లోనే అడిగింది. తర్వాత దశాబ్దాల పాటు సోవియట్ స్త్రీ ఫ్యాక్టరీలో పని ముగించుకొచ్చి రొట్టె కోసం క్యూలో నిలబడింది, ఇంటికెళ్లి వండింది. అప్పుడు కూడా పురుషుడి నైజాన్ని ఎవరూ సంస్కరించబోలేదు.

ఇదంతా ఆయనకి చెప్పబోతుంటే నా పక్కన కూర్చున్నావిడ టైము చూసుకుని గబగబా లేచింది. పన్నెండు కావస్తోంది. బి షిఫ్టుకి క్యారేజీ కట్టాలట.