ఆదిలాబాద్‌కు న్యూరాలజిస్ట్ కావాలి. ఏ షరతులతో?

మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దానికి ముందు స్కాన్ తీసి, అది గడ్డా, రక్తస్రావమా తేల్చాలి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ఉట్నూరు అవతలి గూడెం నుంచైతే రోడ్డెక్కడానికే ఎంతసేపు పడుతుందో అక్కడివాళ్లనే అడగాలి. అంబులెన్స్ ఎంత వేగంగా పోయినా ఈ లెక్క కుదరదు. కరీంనగర్ నుంచి దూరం అందులో సగమే. కానీ అక్కడి కూలి మనిషిని ఆపేది దూరం కన్నా ప్రైవేటు ఆస్పత్రి కౌంటర్‌లో అడిగే అడ్వాన్స్.

భవనాలు రాలేదని ఎవరూ అనలేరు. ఆదిలాబాద్ రిమ్స్ 2008 నుంచి నడుస్తోంది. కేంద్ర, రాష్ట్ర నిధులు కలిపి 150 కోట్లతో కట్టిన సూపర్ స్పెషాలిటీ బ్లాక్ 2022లో తెరుచుకుంది. కరీంనగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. బ్లాక్ ఉంది, స్పెషలిస్టులు రావడం లేదు అన్న వార్త మాత్రం ఆదిలాబాద్ పేజీల్లో పాతబడటం లేదు.

ఒక సీనియర్ న్యూరాలజిస్ట్‌ను మంచి జీతమిచ్చి తెస్తే సరిపోతుందా? ఓపీ చూసి వెళ్లిపోయే మనిషి అయితే సరిపోదు. శిక్షణ పొందిన ఫిజీషియన్ ఉండి, ఫోన్‌లో అవతల సీనియర్ దొరికితే, పైన చెప్పిన ఇంజెక్షన్ స్కాన్ ఉన్న ఏ జిల్లా ఆస్పత్రిలోనైనా ఇవ్వొచ్చు. మూర్ఛకు మందులు పీహెచ్‌సీ డాక్టరే నడపగలడు. కర్ణాటకలో నిమ్హాన్స్‌తో కలిసి 2022లో మొదలుపెట్టిన బ్రెయిన్ హెల్త్ ఇనిషియేటివ్ ఇలా పీహెచ్‌సీ డాక్టర్లకు నేర్పే పనే. అందుకే ఆ పోస్టులో చికిత్సతో పాటు డాక్టర్లకు శిక్షణ, స్థానిక జబ్బులపై పరిశోధన రాతపూర్వకంగా ఉండాలని మేం అడుగుతున్నాం.

పరిశోధన అనగానే హైదరాబాద్ కంపెనీల మందులు గుర్తుకొస్తాయి. ఇక్కడి జబ్బులు అడిగే ప్రశ్నలు వేరు. గోండు, కోలాం బిడ్డల్లో సికిల్ సెల్ ఉంది. ఆ జబ్బున్న పిల్లలకు చిన్న వయసులోనే పక్షవాతం రావొచ్చు. మెదడు రక్తనాళాల్లో రక్తవేగాన్ని కొలిచే డాప్లర్ పరీక్ష ఏటా చేస్తే ముప్పు ముందే తెలుస్తుంది. సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను కేంద్రం 2023 జూలైలో ప్రారంభించింది. ఎందరికి రక్తపరీక్ష చేశారో చెప్పే లెక్కల పక్కన, ఎందరు పిల్లలకు ఈ డాప్లర్ చేశారో కూడా అడగాలి.

ఇంకొకటి, మెదడులో చేరే బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే మూర్ఛ. ఊళ్లో దీని నింద పందులు పెంచే ఎరుకల ఇళ్ల మీదికి పోతుంది. నిజానికి ఆ గుడ్లు వచ్చేది పురుగు సోకిన మనిషి మలం నుంచి. అది కలిసిన నీళ్ల ద్వారా, సరిగా కడగని కూరగాయల ద్వారా నోట్లోకి పోతాయి. మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది. ఈ మాట ఊరికి ఒక న్యూరాలజిస్ట్ చెబితే దాని బరువే వేరు.

అయితే పరిశోధన పేరు వింటే మన వాడలు భయపడటానికి కారణం ఉంది. 2017లో జమ్మికుంట ప్రాంతం నుంచి రోజుకూలీలు డబ్బు కోసం బెంగళూరు ల్యాబ్‌లో మందుల ట్రయల్స్‌కు వెళ్తున్నారని బయటపడింది, నాగంపేట యువకుడు చనిపోయాక. అంతకుముందు 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను వేలాది ఆడపిల్లలకు వేశారు. అందులో గిరిజన హాస్టల్ పిల్లలు ఎందరో. చాలా పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్ల సంతకాలున్నాయి. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దాన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఇక నియామకం. ఒక విభాగంలో ఒకే పోస్టు ఉంటే దానికి రిజర్వేషన్ వర్తించదని 1998లో చండీగఢ్ పీజీఐ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. సూపర్ స్పెషాలిటీ అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్ తగదని 2013లో ఎయిమ్స్ కేసులో చెప్పింది. 2025 ఏప్రిల్‌లో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది, 15 శాతాన్ని మూడు గ్రూపులుగా పంచారు. ఒకటే పోస్టు ఉన్న చోట మాత్రం ఆ పంపకం మొదలే కాదు. ‘ఒక్క సీనియర్‌ను తెస్తాం’ అన్న మాట ఎంత మంచిగా వినిపించినా, ఆ ఒక్కటి అన్న అంకెలోనే మనం బయట ఉండిపోతున్నాం.

దీనికి విరుగుడు కింది నుంచి రావాలి. ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు సూపర్ స్పెషాలిటీ సీట్లలో సగం కేటాయించుకోవడానికి తమిళనాడుకు 2022 మార్చిలో సుప్రీంకోర్టు అనుమతించింది. పీహెచ్‌సీల్లో పనిచేసే దళిత, ఆదివాసీ డాక్టర్లు డీఎం న్యూరాలజీ దాకా పోవడానికి మాకు కనిపిస్తున్న దగ్గరి దారి అదే. తెలంగాణలో విద్యార్థి సంఘాలు దీన్ని ఎందుకు గట్టిగా ఎత్తుకోలేదో ఆశ్చర్యమే.

ఈలోపు చేయగల పని ఒకటుంది. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో సగం మంది ఆ సంస్థతో సంబంధం లేనివాళ్లై ఉండాలి, ఒక సామాన్య పౌరుడూ ఉండాలి. కరీంనగర్‌లోని రెండు పాత ప్రైవేటు కాలేజీలు చల్మెడ, ప్రతిమల్లో, ఆదిలాబాద్ రిమ్స్‌లో ఆ సామాన్యుడి కుర్చీలో ఎవరు కూర్చున్నారు? రిమ్స్‌కైతే ఒక ఆర్టీఐ దరఖాస్తు చాలు.