పరుపుతో పాటు ఇచ్చే సలహా

ఆగస్టు వచ్చిందంటే మన పిల్లలు రెండేసి పెద్ద సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కరు, ఆవకాయతో అమెరికాలో దిగుతారు. ఎయిర్‌పోర్టుకి ఎవరో సీనియర్ కారేసుకుని వస్తాడు. హాల్లో ఒక పరుపు (అది ఎన్ని బ్యాచీలను చూసిందో అడక్కండి), పప్పన్నం. ముఖపరిచయం లేనివాళ్ళకి ఇంత చేసే సీనియర్లంటే నాకు గౌరవమే.

నా పేచీ అంతా మూడోరోజు అదే పరుపు మీద కూర్చుని చెప్పే మాటతోనే: "గ్యాస్ స్టేషన్లో క్యాష్‌కి చేసెయ్ రా, అందరూ చేసేదే." ఎఫ్-1 మీద వచ్చినవాడు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలు మించకుండా పనిచేయాలి. అనుమతి లేకుండా బయట చేస్తే స్టేటస్ పోతుంది, ఊళ్ళో పొలం మీద తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఇది చెప్పినవాడికి తెలుసు. విన్నవాడికి తెలిసినా, కాఫీ ధరని కూడా రూపాయల్లోకి మార్చుకుని మానేసేవాడు కాదనలేడు.

మొదటివారం వాణ్ణి తీసుకెళ్ళాల్సింది యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసుకి. ప్రోగ్రాం మొదలైన 30 రోజుల్లోగా సెవిస్‌లో నమోదు చేయాల్సింది వాళ్ళే. లైబ్రరీకో, డైనింగ్ హాలుకో అప్లికేషన్ కూడా అప్పుడే పెట్టించండి. సోషల్ సెక్యూరిటీ నంబరు అడగాలన్నా చేతిలో అలాంటి ఉద్యోగం ఉండాలి. ప్లేట్లు కడిగే పనైనా సరే, దానికో పే స్టబ్ ఉంటుంది.