క్యాను నీళ్లలో సత్తువేదీ?

మా చిన్నప్పుడు ఊరి బావి గట్టు మేం ఎక్కకూడదు. ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాల. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగింది ఈ బతుకు పోవాలనే. 1985 జూలైలో కారంచేడులో మనవాళ్లు ఆరుగురిని చంపిన గొడవ కూడా మంచినీళ్ల చెరువు కాడే మొదలైంది. నీళ్ల కోసం ఇంత నెత్తురు ధారపోసిన వాళ్ల ఇంటికి ఈరోజు నీళ్లు ఎట్లా వస్తున్నాయి? ఇరవై లీటర్ల క్యానులో, ఆటో ఎక్కి, కూలి డబ్బులకు!

మొన్న మా వాడలో ఒక తల్లి మమ్మల్ని నిలేసింది. "సారూ, బోరు నీళ్లు తాగితే మోకాళ్లు పోతాయంటే క్యాను తాగితిమి. ఇప్పుడు క్యాను నీళ్లలో సత్తువ లేదంటన్నారు. మేం ఏది తాగాల?"

న్యాయమైన ప్రశ్న. ఆర్‌ఓ మిషను నీళ్లను సన్నటి పొరగుండా ఒత్తిడితో తోస్తుంది. నీళ్లలో కరిగిన ఉప్పుల్లో నూటికి తొంభై పాళ్లకు పైగా అక్కడే ఆగిపోతాయి. చెడు చేసే ఫ్లోరైడూ పోతుంది, ఎముకకు బలమిచ్చే కాల్షియం, మెగ్నీషియమూ పోతాయి. మిషనుకు మంచీ చెడూ తెలీదు.

లెక్క చూద్దాం. లీటరుకు 75 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లు మంచినీళ్లేనని మన దేశ ప్రమాణం చెబుతోంది. ఎండలో చెనిక్కాయలు పెరికే కూలి మనిషి రోజుకు నాలుగు లీటర్లు తాగితే 300 మిల్లీగ్రాములు ఒంటికి చేరతాయి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1000. అంటే దాదాపు మూడో వంతు!

నీళ్లలో పోయింది తిండిలో దొరుకుతుంది గదా అంటారు చదువుకున్న పెద్దలు. నిజమే, దొరికేవాడికి! వాళ్లకు పాలున్నాయి, పెరుగుంది. మా ఇళ్లలో ఆవు ఉన్నా పాలు డెయిరీకి పోతాయి. మా తాతలు సంగటి ముద్ద తిన్నారు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో పది మించదు. రేషను బియ్యం ఆకలి తీర్చింది, కాదనం. కానీ పళ్లెంలోంచి సంగటి పోయింది, ఇప్పుడు చెంబులోంచి ఉప్పులు పోతున్నాయి. రెండు దెబ్బలూ ఒకే ఒంటికి తగులుతున్నాయి.

అట్లాగని కళ్లు మూసుకుని బోరు నీళ్లు తాగమని మేం చెప్పం. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు పాడవుతాయి. కాచినా అది పోదు. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లల్ని ఇంకా ఎక్కువ పీడిస్తుంది. అలాంటి చోట నీటిని శుద్ధి చేయాల్సిందే.

మరి మన బోరులో ఏముందో చెప్పేదెవరు? ప్లాంటువాడు పెన్ను లాంటి మీటరు ముంచి అంకె చూపిస్తాడు. అది కరిగిన ఉప్పుల మొత్తమే. అందులో ఫ్లోరైడు ఎంతో, క్రిములు ఉన్నాయో లేవో ఆ పెన్ను చెప్పదు. ఉప్పులు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్‌ఓను నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది. ఈ మాట మన వాడల దాకా ఎవరు తెచ్చారు?

ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అని 2019లో జలజీవన్ మిషన్ మాటిచ్చింది. ఆ మాట పట్టుకుని అడుగుదాం. ప్రతి దళితవాడ బోరునూ ల్యాబులో పరీక్ష చేయించాల. ఫ్లోరైడు ఎంత, కాల్షియం ఎంత అని వాటర్ ట్యాంకు గోడ మీద తెలుగులో రాయాల. నీళ్లు బాగుంటే క్లోరిన్ కలిపి కొళాయిలో ఇవ్వాల. బాగలేకుంటే శుద్ధి ఖర్చు సర్కారే భరించి, తీసేసిన మంచి ఉప్పుల్ని మళ్లీ కలపాల. రేషనులో బియ్యంతో పాటు రాగులివ్వాల.

దోసిలి పట్టి తాగిన రోజుల్లో పైనుంచి ఏం పోస్తున్నారని అడిగే హక్కు మనకు లేదు. ఇప్పుడుంది. ఈసారి గ్రామసభకు ఖాళీ బిందెలతో పోదాం. బిందె నిండా నీళ్లూ, చేతికి పరీక్ష కాగితమూ వచ్చేదాకా లేవొద్దు!